కారులో మిగిలిన ఊపిరి

కారును ప్రయోగశాల వెనక షెడ్డులో దించి పోలీసులు వెళ్ళిపోయారు. డాక్టర్ హైమవతి దాని చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగింది. మామూలు తెల్ల కారు. విశాఖపట్నంలో కిరాయికి తిరిగే వందల కార్లలో ఒకటి. ముందు కట్టిన నిమ్మకాయ ఎండి నల్లబడింది. వెనక సీటు ఊడదీసి పక్కన పడేశారు. దాని వెనక రేకు కోసి చేసిన అరలో గంజాయి పొట్లాలు దొరికాయట.

"ఇన్నాళ్ళూ పాత కుర్చీలూ, తుక్కు బస్సుల సీట్లూ చదివాం మేడమ్. ఇది అలాంటిది కాదు. ఒక మనిషి జైల్లో ఉన్నాడు," అంది తబస్సుమ్. హైమవతి దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. సీట్లను చదివే యంత్రం చేతికి నమూనా సగం ఆమె గీసిందే.

"మనం చదివేది సీటునేలే," అంది హైమవతి.

మనిషి విడిచిన ఊపిరి గాలిలో కలిసిపోతుందని అందరూ అనుకుంటారు. మూసి ఉన్న కారులో అంతా పోదు. కొంత సీటు స్పాంజిలోకి ఇంకుతుంది. కారు ఎండలో నిలబడి కాగినప్పుడు దాని మీద కంటికి కనపడని సన్నటి మూత ఏర్పడుతుంది. మళ్ళీ ప్రయాణం, మళ్ళీ ఊపిరి, మళ్ళీ ఎండ. ఏటి ఒడ్డున ఒండ్రు పేరుకున్నట్టు పొర మీద పొర. ఆ సంగతి కనిపెట్టింది హైమవతి. వెంట్రుకంత సన్నటి వేడి కిరణంతో ఒక్కొక్క పొరనీ లేపి, వచ్చిన ఆవిరిని పీల్చుకుని చదివే యంత్రాన్ని తయారు చెయ్యడానికి ఆమె వయసు చాలావరకు అయిపోయింది. దానికి ఊపిరి దర్శిని అని పేరు పెట్టారు. ఒక్కటే చిక్కు. చదివిన పొర ఆవిరైపోతుంది. రెండోసారి చదవడం ఉండదు.

పొద్దున కారుతోపాటు వచ్చిన ఇన్‌స్పెక్టరు తనకు కావలసింది సూటిగా చెప్పాడు.

"బండి దాలినాయుడిది. నడిపిందీ వాడే. బండిలో వాడు తప్ప ఎవరూ లేరు. సరుకు దొరికిందంటే వాడికి తెలుసనే చట్టం అనుకుంటుంది మేడమ్. తెలీదని రుజువు చేసుకోవలసింది వాడు. టూరిస్టుల్ని కొండ మీద దింపి ఖాళీగా వస్తున్నాననీ, ఎవరు పెట్టారో తెలీదనీ అంటున్నాడు. అందరూ అదే అంటారు. మీ యంత్రం ఏమంటుందో చూద్దామని తెచ్చాం."

తబస్సుమ్ డ్రైవరు సీటు కవరు విప్పింది. యంత్రం చెయ్యి కిందికి వంగి స్పాంజికి ఒక బెత్తెడు ఎత్తులో ఆగింది. చిన్నగా హోరు. ఎదురుగా పెద్ద గాజు పలక మీద చీకటి. తర్వాత ఆ చీకట్లో ఒక నీలం దారం మొదలైంది.

దారం పైకి లేచింది, పడింది. లేచింది, పడింది.

ఎక్కడో జైలు గదిలో ఉన్న మనిషి తాను ఎప్పుడో విడిచి మరిచిపోయిన ఊపిరిని వాళ్ళ ముందు మళ్ళీ తీసుకుంటున్నాడు. కొండ గాలి చల్లదనం దారం అంచున సన్నటి మెరుపులా కనిపిస్తోంది. కారు కిందికి దిగేకొద్దీ ఆ మెరుపు తగ్గి, మైదానపు ఉక్క పెరిగింది. మనిషి నిమ్మళంగా ఉన్నాడు. ఒకచోట ఏదో పాట పాడుకున్నాడేమో, ఊపిరి తెగి తెగి సాగింది.

"పాడుతున్నాడు మేడమ్," అంది తబస్సుమ్ గుసగుసగా.

ఘాట్ రోడ్డు అయిపోవచ్చే చోట నీలం దారం ఉన్నట్టుండి రంపం పళ్ళలా అయిపోయింది. తెల్లటి ముళ్ళు. ఇద్దరికీ ఆ గుర్తు బాగా తెలుసు. అది భయం. మామూలు భయం కాదు. ప్రాణం పోతుందనుకునేవాడికి కలిగేది.

చెక్‌పోస్టు ఉన్నది సరిగ్గా అక్కడే.

హైమవతి రిపోర్టు నిజాయితీగా రాసింది. 'చెక్‌పోస్టు సమీపిస్తుండగా డ్రైవరు తీవ్రమైన భయానికి లోనయ్యాడు.' అడిగినదానికి అంతే జవాబు. ఆ వాక్యం చూపించి దాలినాయుడికి బెయిలు రాకుండా చేశారు. సరుకు ఎక్కువ కాబట్టి నేరం రుజువైతే పదేళ్ళకు తక్కువ కాని శిక్ష. పేపర్లలో యంత్రం ఫోటో వేశారు. సీటు సాక్ష్యం చెప్పిందని రాశారు. కాలేజీ పిల్లలు దాన్ని చూడ్డానికి బస్సులో వచ్చారు.

*

దాలినాయుడి భార్య అప్పలకొండ వచ్చిన రోజు వాన పడుతోంది. గేటు దగ్గర ఆపేస్తే అక్కడే నిలబడిపోయింది. మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్తున్న హైమవతి ఆమెను చూసి లోపలికి పిలిచింది.

"మీరేనా అమ్మా మా ఆయన భయపడ్డాడని రాసింది?"

"నేనే. కూర్చో."

అప్పలకొండ కూర్చోలేదు. తడిసిన చెంగు పిండుకుంది. "ఆయన భయపడ్డం నిజమే. ఆయన్నడిగితే ఆయనే చెప్తాడు. లాయరమ్మ కూడా అడిగింది. భయపడ్డానండి, అక్కడ నాకు భయమేనండి అన్నాడంట. ఎందుకయ్యా అంటే తల దించుకుని ఊరుకున్నాడంట."

"నీకు చెప్పలేదా?"

"నాకూ చెప్పడమ్మా. ఆ ఘాట్‌లో అడుగునున్న ఆఖరి మలుపు దగ్గర ఆయన ఎప్పుడూ అంతే. మాటాడుతున్నోడు కాస్తా ఆగిపోతాడు. ఏటైంది అంటే, బండి చూసుకోనీవే అంటాడు. ఇప్పుడు కాదు, ఎప్పట్నుంచో. మీ మిసను అంతా చూస్తాదంట కదా. పైపైన చూసి రాసీడమేటమ్మా? అడుగుదాకా చూడండి."

ఆమె కోపంగా అనలేదు. వైద్యుడితో రోగం వివరంగా చెప్పుకున్నట్టు చెప్పింది. హైమవతి నోటు పుస్తకం తెరిచింది.

"ఎక్కేటప్పుడు కూడా అంతేనా? దిగేటప్పుడేనా?"

"రెండుసార్లూ అమ్మా."

ఆ మాట హైమవతి మనసులో గుచ్చుకుంది. గంజాయి కొండ మీంచి కిందికి దిగుతుంది గానీ కింద నుంచి పైకి ఎవరూ తీసుకెళ్ళరు. ఎక్కేటప్పుడు చెక్‌పోస్టు చూసి భయపడవలసిన పని దొంగకి కూడా లేదు. పోనీ తను చూసింది చెక్‌పోస్టా, మలుపా? రెంటికీ మధ్య ఉన్న కాస్త దూరం యంత్రానికి తేడా తెలియనంత తక్కువ. పోలీసులు చెక్‌పోస్టు గురించి అడిగారు కాబట్టి తను చెక్‌పోస్టు అని రాసింది.

ఆ సాయంత్రమే ఆమె దాలినాయుడి తరఫు లాయరు కస్తూరికి ఫోన్ చేసింది.

"అడుగు పొరలు చదివితే తేలుతుందంటారా?" అంది కస్తూరి. "చదవమని కోర్టును అడుగుతాను. కానీ ప్రభుత్వ వకీలు ఏమంటాడో నాకు తెలుసు డాక్టరుగారూ. పై పొర సరే, ఏళ్ళనాటి పొరలు వరసగా ఉన్నాయనీ, తారుమారు కాలేదనీ ఏమిటి నమ్మకం అంటాడు. ఎప్పుడెక్కడికి వెళ్ళిందో, ఎవరు కూర్చున్నారో అంతా తెలిసిన కారు ఒకటి ముందు చదివి, సరిపోయిందని చూపించగలరా?"

చూస్తానని చెప్పి హైమవతి ఫోన్ పెట్టేసింది.

అలాంటి కారు ఒకటుంది. అది ఆమె ఇంట్లోనే ఉంది.

*

హైమవతి భర్త కేశవమూర్తి లెక్కల మాస్టారు. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఆమె ఆ కారు నడపలేదు. నడపలేక కాదు. గుడ్డ కప్పి, అద్దాలు ఎత్తేసి, ఎవర్నీ తలుపు కూడా తియ్యనివ్వలేదు. ఆయన కూర్చున్న పక్కసీటులో ఏముందో ప్రపంచంలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. ఎప్పుడైనా చదువుకోవచ్చులే అని ఉంచుకుంది. చదివితే పోతుందని చదవలేదు.

"వద్దు మేడమ్," అంది తబస్సుమ్. "ఇంకో కారు చూద్దాం. నేనొకటి కొత్తగా మొదలుపెట్టి రోజూ నడుపుతాను."

"నువ్వు నడిపి నడిపి పొరలు పేరుకునేసరికి ఆ మనిషి శిక్ష సగం అయిపోతుంది. రాసింది నేను. నా కారే తెద్దాం."

మర్నాడు కారును షెడ్డులోకి తెచ్చారు. కోర్టు తరఫున ఒక ఉద్యోగి, ప్రభుత్వ వకీలు పంపిన మనిషి వచ్చి కూర్చున్నారు. కారు ఏ రోజుల్లో ఎక్కడికి వెళ్ళిందో హైమవతి ముందే వాళ్ళకు చెప్పింది. తిరుపతి ప్రయాణం, అరకు వెళ్ళి జలుబు తెచ్చుకోవడం, మేనకోడలి పెళ్ళికి రాజమండ్రి వెళ్తుంటే దారిలో టైరు పేలడం, చివరికి ఆస్పత్రి ప్రయాణాలు. పొరలు ఆ వరసలో వస్తే యంత్రం చెప్పింది నిజం.

పలక మీద ఈసారి రెండు దారాలు. ఆమెది పసుపుపచ్చ. ఆయనది ఆకుపచ్చ.

పై పొరలో ఆకుపచ్చ దారం ఎంత సన్నగా ఉందంటే తబస్సుమ్ పలక వెలుగు పెంచవలసి వచ్చింది. ఆస్పత్రికి ఆఖరుసారి తీసుకెళ్ళిన రోజు. హైమవతి కుర్చీ చేతిని పట్టుకుంది. దారం వెలిగి, మెల్లగా మాయమైంది. తర్వాతి పొర. ఆ తర్వాతిది. కిందికి వెళ్ళేకొద్దీ మనిషి వెనక్కి వస్తున్నాడు. దారం లావెక్కుతోంది, బలపడుతోంది. ఒక పొరలో ఇద్దరూ నవ్వుకున్నారు. రెండు దారాలూ ఒకేసారి ఎగిసి పడ్డాయి. దేనికి నవ్వుకున్నారో ఆమెకు గుర్తు రాలేదు.

అన్నీ చెప్పిన వరసలోనే వస్తున్నాయి. కోర్టు ఉద్యోగి ముందుకు వంగి కళ్ళార్పకుండా చూస్తున్నాడు. తన పనే మరిచిపోయాడు.

అప్పుడు ఆస్పత్రి పొరలు అయిపోయాయి. జబ్బు బయటపడకముందు రోజులు మొదలయ్యాయి. ఆకుపచ్చ దారం నిండా తెల్లటి ముళ్ళు ఉన్నాయి.

"ఇదేంటి?" అంది హైమవతి. "అప్పటికి మాకేమీ తెలీదు. ఇది మేం రాజమండ్రి పెళ్ళికి వెళ్ళింది. ఆయన దారంతా జోకులేస్తూనే ఉన్నారు."

ఇంకా కిందికి. ముళ్ళు పోలేదు. పక్కన పసుపు దారం హాయిగా ఊగుతూ ఉంది. దాన్ని ఆనుకుని ఆకుపచ్చ దారం బిగబట్టి, వణికి, బిగబట్టి సాగుతోంది. పొర తర్వాత పొర. చివరికి ఒక పొరలో పసుపు దారం లేదు. ఆయన ఒక్కడే. డ్రైవరు సీటులో. కారు నడవడం లేదు. ఎక్కడో ఆపుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ ఊపిరి ఏడ్చేవాడిది.

దాని కింది పొరల్లో మళ్ళీ ఏ భయమూ లేదు.

తబస్సుమ్ యంత్రం ఆపబోయింది. "మేడమ్..."

"ఆపకు. అడుగుదాకా వెళ్ళు," అంది హైమవతి. "ఆయనకు ముందే తెలుసు. డాక్టరు దగ్గరికి నాకు తెలీకుండా వెళ్ళొచ్చారు. అన్ని నెలలు అది పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. నా కారులో. నేనే నడుపుతున్నాను. నాకు తెలీదు."

ప్రభుత్వ వకీలు పంపిన మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అన్ని పొరలూ చదవడం అయ్యాక హైమవతి కారు తలుపులు నాలుగూ తెరిచి పెట్టింది. సముద్రం మీంచి గాలి వచ్చి లోపలంతా తిరిగింది. ఇక అందులో దాచుకోవడానికి ఏమీ లేదు.

*

కోర్టు అనుమతి వచ్చింది. దాలినాయుడి కారులో ముందు సీట్లూ వెనక సీటూ కలిపి అడుగుదాకా చదవడం మొదలుపెట్టారు.

మొదట దొరికింది వెనక సీటు పైపొరలో. పోలీసుల ఊపిరికి కింద, దాలినాయుడి ఆఖరి ప్రయాణానికి ముందు, కొత్త మనిషి ఒకడున్నాడు. కారు కదలడం లేదు. తలుపులు మూసి ఉన్నాయి. చలిగాలి, అంటే కొండ మీదే. బరువులు ఎత్తేవాడిలా రొప్పుతున్నాడు. ఆ సమయంలో కారులో దాలినాయుడి ఊపిరి లేదు. ఆ రోజు టూరిస్టుల్ని దింపిన లాడ్జిలో కారు కడిగేవాళ్ళ చేతికి తాళం ఇచ్చానని అతను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"మొదటిసారి వెనక సీటు ఎందుకు చూడలేదు మేడమ్ మనం?"

"మనల్ని డ్రైవరు గురించే అడిగారు," అంది హైమవతి. యంత్రం చేతిని పైకి లేపి, "మనమూ అతని గురించే ఆలోచించాం," అంది.

తర్వాత ఘాట్ ప్రయాణాలు వచ్చాయి. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. మిగతా దారంతా నిమ్మళంగా ఉండే నీలం దారం ప్రతిసారీ అదే ఎత్తులో ముళ్ళబారుతోంది. కారు నిండా కాలేజీ పిల్లలున్నప్పుడూ అంతే. పెళ్ళివాళ్ళు ఉన్నప్పుడూ అంతే. ఒకసారి అప్పలకొండ కాబోలు, పక్కన కూర్చుని నిద్రపోయింది. ఆమె నిద్ర పక్కన అతని భయం. ఏళ్ళకేళ్ళు వెనక్కి వెళ్తున్నారు. కారు కొత్తదైపోతోంది. భయం మాత్రం అక్కడే, ఆ మలుపు దగ్గరే, కదలకుండా ఉంది.

చివరికి ఒక పొర వచ్చింది. తబస్సుమ్ దాన్ని చూడగానే లేచి నిలబడింది.

కారు కొండ దిగుతోంది. ముందు నీలం దారం. వెనక సీటులో ఎర్ర దారం, ఇందాక పక్కన నిద్రపోయిన అప్పలకొండదే. అది నొప్పితో మెలికలు తిరుగుతోంది. మలుపు ఎత్తుకు వచ్చేసరికి కారు ఆగింది. నీలం దారం ముందు సీటు నుంచి వెనక్కి వచ్చింది. ఎర్ర దారం ఒక్కసారి పైకి లేచింది. మళ్ళీ లేవలేదు. సాగి సాగి తిన్నని గీత అయిపోయింది.

"ఆగిపోయింది," అంది తబస్సుమ్.

నీలం దారం నిండా ముళ్ళు. పలకంతా తెల్లబడిపోయింది.

ఆ తెల్లటి వెలుగు మధ్యలో, వెనక సీటు మీద, ఒక చుక్క. బంగారు రంగులో. చుక్క వణికింది. పొడుగైంది. ఒక్క ఉదుటున పైకి ఎగిసింది. అలాంటి దారాన్ని వాళ్ళిద్దరూ ఎన్నడూ చూడలేదు. దానికి ముందు ఏమీ లేదు. బయటి గాలి వాసన లేదు, తిన్న తిండి లేదు, గడిచిన రోజు లేదు.

"ఎవరు మేడమ్ ఇది? బయటి నుంచి ఎవరూ ఎక్కలేదు."

హైమవతి కుర్చీలోంచి లేచి, తనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించింది.

"ఎక్కలేదు తబస్సుమ్. పుట్టింది. అది మొదటి ఊపిరి."

బంగారు దారం గట్టిగా, కోపంగా, మళ్ళీ మళ్ళీ ఎగిసిపడుతోంది. ఏడుస్తోంది పిల్ల. తిన్నగా పడి ఉన్న ఎర్ర గీత అంచున చిన్న కదలిక వచ్చింది. కొంచెం లేచింది. పడింది. ఇంకొంచెం లేచింది. ఆమె బతికింది.

మూడు దారాలూ కొండ దిగాయి. తర్వాత ఆ పొర కూడా మిగతావాటిలాగే వెలిగి ఆరిపోయింది. దాని కింద ఇంకా చాలా ప్రయాణాలున్నాయి. అదే ఘాట్, అదే చెక్‌పోస్టు. ఆ పొరలన్నిట్లోనూ నీలం దారం నిమ్మళంగానే ఉంది.

*

కోర్టు హాలులో పలక పెట్టి, యంత్రం నమోదు చేసిన దారాలను వేసి చూపించారు. న్యాయమూర్తి కొంచెం వయసు మళ్ళినావిడ. చూస్తున్నంతసేపూ చేతిలోని కలం అలాగే పట్టుకుని ఉండిపోయింది.

ముందుగా ప్రభుత్వ వకీలు లేచాడు. "డాక్టరుగారూ, మీరే కదా మొదటి రిపోర్టు ఇచ్చింది. చెక్‌పోస్టు దగ్గర భయపడ్డాడని రాశారా లేదా?"

"రాశానండి."

"ఇప్పుడు కాదంటున్నారా?"

"భయపడ్డాడు. అది నిజం. దేనికి భయపడ్డాడో నా యంత్రానికి తెలీదు. తెలిసినట్టు రాశాను. తప్పు నాది."

"అయితే ఈ యంత్రం ఎందుకండీ?" అంది న్యాయమూర్తి. "ఈ చట్టం కింద నేను తేల్చవలసింది ఒకటే ప్రశ్న. బండిలో సరుకున్న సంగతి ఈ మనిషికి తెలుసా? అది మీ యంత్రం చెప్పగలదా?"

"చెప్పలేదండి. ఎవరున్నారో చెబుతుంది. ఎలా ఉన్నారో చెబుతుంది. ఎందుకో మనిషే చెప్పాలి."

న్యాయమూర్తి బోనులో ఉన్న దాలినాయుడి వైపు తిరిగింది. అతను పలకనే చూస్తున్నాడు. ఆరిపోయిన పలక మీద ఇంకా ఏదో కనిపిస్తున్నట్టు చూస్తున్నాడు. బక్కగా, పొడుగ్గా ఉన్న మనిషి. గడ్డం మాసిపోయింది.

"దాలినాయుడూ. ఆ మలుపు దగ్గర ఏం జరిగిందో చెప్తావా?"

"ఆళ్ళు సూపించీసినారు కదండి."

"నీ నోటితో చెప్పు."

అతను బోను కర్రను గట్టిగా పట్టుకున్నాడు. "మా ఆడదానికి నెల నిండకుండానే నొప్పులొచ్చీసినాయండి. అత్తోరింటికాడ నుంచి ఆస్పత్రికి తెస్తున్నాను. ఆ మలుపుకాడ ఇంక అవదంది. బండి ఆపీసినాను. నాకేటి తెలుసండి? ఇంతలో తను ఊపిరి ఆపీసింది. పిలిచినాను, కొట్టినాను. పలకనేదు." కర్ర వదిలి మొహం తుడుచుకున్నాడు. "పోయిందనుకున్నానండి. అప్పుడు పుట్టిన గుంట ఏడిసింది. ఆ ఏడుపుకి తను కళ్ళు తెరిసింది. ఆస్పత్రికాడ అడిగితే, ఏటీ కానేదు, సొమ్మసిల్లిపోయావు అని సెప్పినాను. అప్పట్నుంచి ఆ మలుపొస్తే... నాకు వెనక సీటులోంచి సప్పుడు ఆగిపోయినట్టే ఉంటాదండి. ఎవులున్నా నేకపోయినా."

"మరి ఇన్నాళ్ళూ భార్యకైనా ఎందుకు చెప్పలేదు? లాయరుకైనా చెప్పొచ్చు కదా?"

"తనకి తెలిస్తే ఆ దారంట మళ్ళీ పుట్టింటికెళ్తాదేటండి? భయపడిపోదా? ఒక్కడికి ఉంటే సాలు కదండి."

జనంలో కూర్చున్న అప్పలకొండ లేచి నిలబడింది. లాయరు కస్తూరి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోతే విదిలించుకుంది. "ఓలమ్మ! నాను సచ్చిపోయి బతికినానా? ఇన్నాళ్ళూ నాకు సెప్పకుండా ఆ బండి నువ్వెలాగ తోలినావయ్యా?"

ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు.

ప్రభుత్వ వకీలు ఇంకా ఏదో అడగాలని కాగితాలు తిప్పాడు. కొంతసేపటికి వాటిని మూసి, "నేను అడగవలసింది లేదండి," అన్నాడు.

తీర్పు చిన్నదే. బండిలో సరుకు దొరికితే నడిపేవాడికి తెలుసని చట్టం అనుకోవడం ఒక మొదలు మాత్రమే, ముగింపు కాదంది న్యాయమూర్తి. తెలియదని చూపించడానికి మనిషికి దారి ఉండాలనీ, ఆ దారిని భయం అనే ఒక్క మాటతో మూసెయ్యకూడదనీ అంది. దాలినాయుడికి తెలుసననుకోవడానికి ఆధారం లేదని విడుదల చేసింది. కొండ మీద ఆ కారులో దూరిన మనిషిని వెతకమని పోలీసులకు చెప్పింది. దొరికాక వాడి నేరాన్ని కూడా ఊపిరి ఒక్కదాన్ని చూపించి తేల్చవద్దని హెచ్చరించింది. తర్వాత మామూలు గొంతుతో, "డాక్టరుగారూ, ఆ పొర మళ్ళీ చూడవచ్చా?" అని అడిగింది.

"నమోదు చేసిన వెలుగు ఉంటుందండి. ఊపిరి మాత్రం లేదు. చదివినప్పుడే పోయింది."

*

కోర్టు వరండాలో హైమవతి అప్పలకొండను వెతుక్కుంటూ వచ్చింది. జైలు కాగితాలు పూర్తవడానికి టైము పడుతుందన్నారని ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె తల్లి ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుంది.

"అప్పలకొండా, నీకొక మాట చెప్పాలి. నీ బిడ్డ మొదటి ఊపిరి ఆ సీటులో ఇన్నేళ్ళూ ఉంది. మీ ఆయన్ని బయటికి తేవడానికి దాన్ని కాల్చేశాను. ముందు నిన్ను అడగలేదు. అక్కడ ఉందని నాకూ తెలీదు."

అప్పలకొండ ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఇంకేదో కూడా ఉందని ఆమెకు అనిపించిందేమో, చెయ్యి పట్టుకుని మెట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ కారులోది కూడా కాల్చుకున్నారంట కదమ్మా. మీ ఆయనది. లాయరమ్మ సెప్పింది."

హైమవతి తల ఊపింది. "ఆయన కూడా నాకు చెప్పలేదు. మీ ఆయనలాగే."

"ఇద్దరూ ఇద్దరే," అంది అప్పలకొండ. కళ్ళు తుడుచుకుంటూనే కోపంగా అంది. "ఆ ఊపిరి పోతే పోనీండమ్మా. గుంట బయటే ఉంది కదా, తీసుకుంటూనే ఉంది. ఒలే చైత్రా! ఇలా రా."

కోర్టు ఆవరణలో పిల్లలు కొందరు వకీళ్ళ స్కూటర్ల మధ్య పరుగులు తీస్తున్నారు. వాళ్ళలోంచి ఒక పిల్ల, ముందు పళ్ళు ఊడినది, రెండు జడల్లో ఒకటి ఊడిపోయినది, ఆట మధ్యలో పిలిచినందుకు ముఖం ముడుచుకుని వచ్చింది. మెట్లెక్కి హైమవతి ఎదుట నిలబడింది. రొప్పుతోంది.

"ఏటి?" అంది.

హైమవతి కొంచెం ముందుకు వంగింది. పరుగెత్తి వచ్చిన పిల్ల వెచ్చటి ఊపిరి ఆమె ముఖానికి తగిలింది, మళ్ళీ తగిలింది.